న్యూజెర్సీ పందిరి మీద గుంటూరు చిక్కుడు: పూత ఎందుకు రాలేదు?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, చదివేవాళ్ళకు తెలియాలి కదా. మీరు న్యూజెర్సీలో ఉంటున్నారు. ఇండియన్ స్టోర్‌లో కొన్న పందిరి చిక్కుడు గింజలు మే నెలలో పెట్టారు. పాదు పందిరంతా అల్లుకుని కంచె మీదికి కూడా పాకింది. ఆగస్టు సగం అయిపోయినా ఒక్క పూగుత్తి లేదు. గుంటూరులో ఉన్న అమ్మగారు బూడిద చల్లమన్నారు. ఒక వీడియోలో ఆకులు దూసెయ్యమన్నారు, ఇంకో దాంట్లో బోన్ మీల్ (ఎముకల పొడి) వెయ్యమన్నారు. పక్కింటాయన మాత్రం "ఇది డే లెంత్ ప్రాబ్లమండీ", అంటే పగటి నిడివి సమస్య, అని తేల్చేశారు. పక్క మడిలో గోంగూర మాత్రం కోసేకొద్దీ వస్తోందని, బీర పాదుకు అన్నీ మగపూలే వస్తున్నాయని కూడా రాశారు.

పక్కింటాయన చెప్పిందే నిజం. ఇంకో మాట, మీ గోంగూర అంత బాగా రావడానికీ, చిక్కుడు పూయకపోవడానికీ కారణం ఒక్కటే. ఒకదాంట్లో మనకు ఆకు కావాలి కాబట్టి సంతోషం, ఇంకోదాంట్లో కాయ కావాలి కాబట్టి టెన్షన్. అంతే తేడా.

నేను ఉద్యాన పంటల పనిలో చాలాకాలం ఉండి రిటైరయ్యాను. పూత రాలేదని వచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా ఎరువుతోనే మొదలవుతాయి. మొక్కకు ఏం వెయ్యాలి, ఎంత వెయ్యాలి అని. ఆ రకం ఏది, విత్తిన తేదీ ఏది, పక్కన రాత్రంతా వెలిగే దీపం ఉందా, ఈ మూడూ అడగకుండా ఎరువు చెప్పేవాళ్ళ మాట నేనైతే వినను.

ముందు లెక్క చూద్దాం. గుంటూరులో ఏడాది మొత్తంలో అతి పొడవైన పగలు జూన్ 21 ప్రాంతంలో వస్తుంది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా సుమారు 13 గంటల 5 నిమిషాలు. అతి పొట్టి పగలు డిసెంబరు 21, 22 తేదీల్లో, సుమారు 11 గంటల 10 నిమిషాలు. అంటే ఏడాది పొడవునా తేడా రెండు గంటలకు లోపే. హైదరాబాదులో ఇది ఇంకాస్త ఎక్కువ, తిరుపతిలో ఇంకాస్త తక్కువ. మీ న్యూజెర్సీలో జూన్ పగలు 15 గంటలు దాటుతుంది, డిసెంబరు పగలు 9 గంటల పావు. తేడా దాదాపు ఆరు గంటలు.

ఇప్పుడు అసలు విషయం. ఆగస్టు 15న గుంటూరులో పగలు 12 గంటల 40 నిమిషాలైతే, మీ పెరట్లో దాదాపు 13 గంటల 45 నిమిషాలు. గుంటూరు మొక్క తన జన్మలో చూడగలిగిన అతి పొడవైన పగలు 13 గంటల 5 నిమిషాలు అన్నాం కదా, మీ దగ్గర పగలు అంతవరకు తరిగేసరికి సెప్టెంబరు 1 వస్తుంది. అంటే మీ చిక్కుడు లెక్కలో మే నుంచి ఆగస్టు చివరిదాకా గడిచినదంతా దాని పూర్వీకులు ఎప్పుడూ ఎరగని కాలం. సెప్టెంబరు మొదటి తేదీన దానికి గుంటూరు జూన్ నెల మొదలవుతుంది. పూత కోసం అప్పుడే తొందరేముంది అనుకుంటుంది, పాకుతూ పోతుంది.

మన పందిరి చిక్కుడు పాత రకాలన్నీ దాదాపుగా పొట్టి పగళ్ళకు పూసేవే. జూన్ జూలైల్లో గింజ పెడితే వానాకాలమంతా తీగ సాగి, దసరా దాటాక పూత పట్టి, ధనుర్మాసంలో కాపు ముదురుతుంది. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే ఆచారం మన ఇళ్ళలో ఉందంటే, ఆ తిథికి ప్రతి పెరట్లోనూ చిక్కుడు కాపు మీద ఉంటుందనే ధీమా దాని వెనక ఉంది. ఆ ధీమా పగటి నిడివి ఇచ్చింది. వాన ముందు వెనకలవుతుంది, చలి ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ ఉంటుంది. పగటి నిడివి మాత్రం ఏ ఏడు చూసినా అదే తేదీకి అంతే. అందుకే ఎన్నో మొక్కలు కాలం తెలుసుకోవడానికి దాన్నే నమ్ముకున్నాయి.

ఈ సంగతి పట్టుకున్న కథ పొగాకుతో మొదలైంది. అమెరికా వ్యవసాయశాఖలో గార్నర్, అల్లార్డ్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు, వాషింగ్టన్ పక్కనే ఆర్లింగ్టన్ క్షేత్రంలో పనిచేసేవారు. వాళ్ళ దగ్గర మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం ఒకటి ఉండేది. పొలంలో వేస్తే పది అడుగులకు పైగా పెరిగి ఆకు మీద ఆకు వేసేది, చలి వచ్చి చచ్చేదాకా పూసేది కాదు. అదే మొక్క చలికాలంలో గ్రీన్‌హౌస్‌లో ఉంటే పొట్టిగా ఉండగానే పూసేది. విత్తనం కట్టించాలంటే గ్రీన్‌హౌసే దిక్కు. ఇంకోపక్క బిలాక్సీ అనే సోయా రకాన్ని వారాల తేడాతో ఎన్ని విడతలుగా విత్తినా అన్నీ సెప్టెంబరులో ఇంచుమించు ఒకేసారి పూసేవి. వేడి, తేమ, ఎరువు, ఎండ తీవ్రత అన్నీ మార్చి చూశారు, ఏదీ కారణం కాదని తేలింది. చివరికి 1918 వేసవిలో కుండీల్లోని మొక్కల్ని సాయంత్రం పెందలాడే ఒక చీకటి గదిలో పెట్టి, ఉదయం పొద్దెక్కాక బయటకు తీశారు. పగలు పొట్టిదైంది, నడివేసవిలోనే మొక్కలు పూశాయి. 1920లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పొగాకు పండించే మన గుంటూరు, ప్రకాశం రైతులు కంగారు పడక్కర్లేదు, ఎక్కువ పొగాకు రకాలకు పగటి నిడివితో పెద్దగా పని లేదు. ఆ ఒక్క రకమే అలా తిక్కగా పుట్టింది, ఆ తిక్కే లోకానికి పాఠమైంది.

మీ పెరటికి అందులోంచి పనికొచ్చేది సోయా సంగతి. చిక్కుడును ఏప్రిల్‌లో ఇంట్లో కుండీల్లో మొలకెత్తించి ముందే నాటినా, జూన్ చివర్లో నాటినా, పూత తేదీ పెద్దగా మారదు. ముందు నాటితే పూత ముందు రాదు, తీగ మాత్రం రెండింతలు పెరుగుతుంది. ఆ తీగకు పందిరి, నీళ్ళు, కత్తిరింపు అన్నీ మీ ఖర్చే.

మనం పగలు, పగలు అంటున్నాం గానీ మొక్క కొలిచేది పగటిని కాదు, రాత్రిని. దీన్ని 1938లో హామ్నర్, బానర్ అనేవాళ్ళు మరులమాతంగి మొక్క మీద తేల్చారు. మన పొలం గట్ల మీద, చెరువుల ఒడ్డున, బట్టలకు అంటుకునే ముళ్ళ కాయల మొక్క ఉంటుందే, అదే. దానికి ఎనిమిదిన్నర గంటలకు మించిన చీకటి ఒక్క రాత్రి దొరికినా చాలు, పూతకు సిద్ధమవుతుంది. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే దానికి ఏమీ కాదు. కానీ రాత్రి మధ్యలో కొద్ది నిమిషాలు దీపం వేస్తే పూత ఆగిపోతుంది. ఏకాదశి ఉపవాసం ఉండి మధ్యలో ఒక్క ఇడ్లీ తింటే ఏమవుతుంది? అటు సగం, ఇటు సగం కలిపి ఉపవాసం అనరు. మొక్క చీకటి కూడా అలాంటిదే, ఒక్క బిగిన ఉండాలి.

ఆకులో ఫైటోక్రోమ్ అనే రంగు పదార్థం ఉంటుంది. ఎరుపు కాంతి, అంటే 660 నానోమీటర్ల దగ్గర ఉండే వెలుగు, తగిలితే ఒక రూపంలోకి మారుతుంది. 730 దగ్గర ఉండే దూర ఎరుపు తగిలితే మళ్ళీ పాత రూపంలోకి వెళ్తుంది. చీకట్లో కూడా నెమ్మదిగా వెనక్కి జారుతుంది. ఒకప్పుడు ఈ జారుడే రాత్రిని కొలుస్తుందని అనుకున్నారు. అది అంత సులువు కాదు. మొక్కకు లోపల 24 గంటల గడియారం ఒకటి ఉంది, ఫైటోక్రోమ్ దానికి "ఇప్పుడు వెలుగు ఉంది, ఇప్పుడు లేదు" అని కబురు చెబుతుంది. గడియారంలో ఫలానా వేళకు వెలుగు ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఆకు నిర్ణయం తీసుకుంటుంది.

నిర్ణయం ఆకుది, పూసేది కొమ్మ చివర. మరి మధ్యలో కబురు మోసేది ఏది? సోవియట్ శాస్త్రవేత్త చైలాఖ్యాన్ 1930లలోనే అంటుకట్టి చూపించాడు. పొట్టి పగలు చూసిన మొక్క నుంచి ఏదో ఒక పదార్థం పూయని మొక్కలోకి వెళ్ళి పూయిస్తోందని చెప్పి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. డెబ్బై ఏళ్ళు అది ఎవరికీ చిక్కలేదు. 2007లో ఎఫ్‌టీ అనే ప్రొటీన్, వరిలో దాని తోబుట్టువు, ఆకులో తయారై కొమ్మ చివరకు చేరుతున్నాయని చూపించాక ఆ వెతుకులాట ఒక కొలిక్కి వచ్చింది.

ఈ శాస్త్రమంతా ఎందుకు చెప్పానంటే, ఆకులు దూసెయ్యమన్న వీడియో సలహా ఎంత తప్పుడుదో తెలియడానికి. రాత్రిని కొలిచేది ఆకు. అందులోనూ కొత్తగా పూర్తిగా విచ్చుకున్న లేత ఆకులు బాగా కొలుస్తాయి. సరిగ్గా పూతకు సిద్ధమయ్యే సెప్టెంబరులో ఆకులు దూసేస్తే కబురు పంపేవాళ్ళనే ఇంట్లోంచి వెళ్ళగొట్టినట్టు. చీడ పట్టినవి, పండిపోయినవి తీసెయ్యండి, పాకే తలలు గిల్లండి, పక్క కొమ్మలు వస్తాయి. అంతవరకే.

అమ్మగారి బూడిద సంగతి: అందులో పొటాష్, సున్నం ఉంటాయి, కొద్దిగా వేస్తే నష్టం లేదు, పేనుబంక మీద చల్లే అలవాటూ మనకు ఉంది. దానివల్ల పూత తేదీ మాత్రం ముందుకు రాదు. బోన్ మీల్ డబ్బు దండగ. యూరియా గానీ, గడ్డికి వేసే లాన్ ఫెర్టిలైజర్ గానీ ఆ పక్కకు రానివ్వకండి, ఉన్న ఆకుకు తోడు ఇంకో రెండు బండ్ల ఆకు వస్తుంది.

ఇప్పుడు దీపం. మీరు డెక్ మీద రాత్రంతా లైటు వేస్తారా? కంచె దగ్గర వీధి దీపం ఉందా? పందిరికి ఆనుకుని సెన్సర్ ఫ్లడ్ లైటు ఉందా? ఇవి పొట్టి పగలు మొక్కలకు పెద్ద శత్రువులు. చందమామ వెలుగుతో సాధారణంగా భయం లేదు, మనం చదువుకునేంత వెలుగైతే భయమే.

దీన్ని నేను చామంతి తోటలో కళ్ళారా చూశాను. రోడ్డు పక్క మడి, కార్తీక మాసం. చేనంతా మొగ్గ తొడిగి పసుపు తిరుగుతోంది. రోడ్డు వైపు మూలన మాత్రం, స్తంభం దీపం కింద, అర్ధచంద్రాకారంలో మొక్కలు ముదురాకుపచ్చగా, మిగతావాటికంటే జానెడు ఎత్తుగా, ఒక్క మొగ్గ లేకుండా నిలబడి ఉన్నాయి. దీపానికి దగ్గరగా ఉన్న సాళ్ళలో అసలు మొగ్గే లేదు, కాస్త దూరాన సన్న మొగ్గలు, ఇంకా దూరాన నిండు మొగ్గలు. ఎవరో కొలబద్ద పెట్టి గీసినట్టు ఉంది. రైతు నారు కల్తీ అని నర్సరీ మీద కోపంగా ఉన్నాడు. ఒక సాలు వెంట నడిపించి, ఒకే నారు ఇటు పూసి అటు పూయలేదని చూపిస్తే తప్ప నమ్మలేదు. ఆ దీపానికి రోడ్డు వైపే వెలుగు పడేలా డొప్ప బిగించుకుంటే సరిపోయింది.

అదే గుణాన్ని తెలిసి వాడుకునేవాళ్ళు హోసూరు, బెంగళూరు చుట్టుపక్కల పాలీహౌస్‌ల వాళ్ళు. చామంతి పిలకలు నాటిన కొత్తలో మడుల మీద తీగలకు బల్బులు వేలాడదీసి, రాత్రి పది నుంచి రెండు దాకా వెలిగిస్తారు. రాత్రి రెండు ముక్కలవుతుంది, మొక్క పూత మాటెత్తకుండా కాడ సాగుతుంది. కాడ కావలసినంత పొడుగు రాగానే లైట్లు ఆపేస్తారు. పగలు ఇంకా పొడుగ్గా ఉన్న నెలల్లో అయితే సాయంత్రం నల్లగుడ్డ కప్పి ఉదయం తీస్తారు. రకాన్ని బట్టి ఏడు నుంచి పది వారాల్లో పువ్వు కోతకు వస్తుంది. అందుకే ఇప్పుడు ఏ నెల పెళ్ళికైనా స్టేజీ మీద చామంతి కనిపిస్తోంది. డ్రాగన్ ఫ్రూట్‌ది దీనికి తలకిందులు, పగలు పొడుగైతే పూస్తుంది. వియత్నాంలో చలికాలం రాత్రుళ్ళు తోటల్లో వేల బల్బులు వెలిగించి కాపు తెప్పిస్తారు. మన దగ్గరా కొందరు రైతులు ఆ పద్ధతి పట్టుకున్నారు. దీపం ఒక్కటే, చామంతిలో పూత ఆపుతుంది, డ్రాగన్‌లో పూత తెస్తుంది. ఎవరో చెప్పారని ఏ తోటలో పడితే ఆ తోటలో లైట్లు పెట్టేముందు ఈ తేడా తెలుసుకోవాలి.

మీ గోంగూర కూడా పొట్టి పగలు మొక్కే, చిక్కుడుకంటే మొండిది. ఇక్కడ దసరా దాటాక ఆకు చిన్నదై, కాడ గట్టిపడి, పూలు, ఎర్ర కాయలు మొదలవుతాయి. మీ దగ్గర ఆ పొట్టి పగలు వచ్చేలోపు వేసవంతా ఆకే. విత్తనం కట్టించుకుందామని మాత్రం ఆశ పెట్టుకోవద్దు, ఆ కాయ ముదిరేలోపు మంచు పడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగునార పండించే రైతులు ఈ గుణం మీదే బతుకుతారు. వానలకు ముందే విత్తితే పూత వచ్చేలోపు కర్ర నిలువునా పెరిగి నార దిగుతుంది. ఆలస్యంగా విత్తితే తేదీకి అది పూసేస్తుంది, కర్ర పొట్టిగా ఉండిపోతుంది. ఆమదాలవలస పరిశోధన స్థానంలో ఈ పంట మీద ఎప్పటి నుంచో పని జరుగుతోంది.

కందిది కూడా అదే దారి. జూన్‌లో వేసిన కంది మనిషెత్తు దాటి గుబురుగా పెరుగుతుంది. సెప్టెంబరు, అక్టోబరులో రబీకి వేసిన కంది నడుమెత్తు కూడా రాకముందే పూతకు వస్తుంది. అందుకే రబీ కందికి సాళ్ళ దూరం తగ్గించి, విత్తనం ఎక్కువ వేస్తారు. వానాకాలం దూరంలోనే రబీ కంది వేసి, చేను పలచగా ఉందని బాధపడేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు.

బంతి రైతులకు ఒక మాట, ప్రశ్నకు కాస్త దూరమైనా. మన పండుగలు చాంద్రమానం మీద నడుస్తాయి, పువ్వు సూర్యుడి మీద నడుస్తుంది. 2022లో బతుకమ్మ మొదలైంది సెప్టెంబరు 25న, అధిక మాసం వచ్చిన 2023లో అక్టోబరు 14న. దాదాపు మూడు వారాల తేడా. గట్ల మీద గునుగు ఈ లెక్కలు చూసుకోదు. నాటే బంతిని మాత్రం మనం చూసుకోవచ్చు. పండుగ ఇంగ్లీషు తేదీ చూసి, వెనక్కి లెక్కగట్టి నారు పోయాలి. "పోయినేడు బోనాలప్పుడు పోశాం, ఈ ఏడూ అప్పుడే" అంటే అధిక మాసం ఏడు దెబ్బ తింటారు.

అన్ని మొక్కలూ ఇలాగే అనుకోకండి. టమాటాకు పగటి నిడివితో పని లేదు, వయసొస్తే పూస్తుంది. వయ్యారిభామ కలుపు ఏడాది పొడవునా పూసి మన ప్రాణం తీస్తుందంటే అదీ ఈ బాపతే. మామిడి పూత రాకపోతే పగటి నిడివిని తిట్టుకోవద్దు, దానికి కావలసింది రాత్రి చలి, ముదిరిన కొమ్మ. మల్లెకు కత్తిరింపు, నీళ్ళు ఆపడం ముఖ్యం. పారిజాతం రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి రాలడం కూడా వేరే సంగతి, అది విచ్చుకునే వేళ, మొగ్గ తొడిగే కాలం కాదు.

ఇంకోవైపు పొడుగు పగళ్ళకు పూసేవి ఉన్నాయి. మీరు జూన్‌లో కొత్తిమీర చల్లితే నాలుగు ఆకులు వేయగానే కాడ లేచి పూసేస్తుంది కదా, పొడుగు పగలు, ఎండ వేడి రెండూ కలిసి దాన్ని తొందర పెడతాయి. అక్కడి స్పినాచ్‌దీ అదే కథ. మన పాలకూర బీట్‌రూట్ జాతిదే, దానితో పోల్చకండి. కొత్తిమీర, స్పినాచ్ మీరు ఏప్రిల్ మొదట్లోనో, ఆగస్టు చివర్లోనో చల్లుకోండి. ఉల్లి పూత కాదు గానీ, గడ్డ ఊరడానికి అదీ పగలే చూస్తుంది. మన దేశపు ఉల్లి విత్తనం 12 గంటల పగలుకే గడ్డ కట్టడం మొదలుపెడుతుంది. మీ దగ్గర వసంతంలో నాటితే మొక్క ఎదగకముందే గోలీకాయంత గడ్డ వేసి ఊరుకుంటుంది. అక్కడి నర్సరీల్లో "లాంగ్ డే" అని రాసి అమ్మే రకమే కొనండి.

పంటల చరిత్రలో పెద్ద మలుపు ఒకటి ఈ గుణాన్ని వదిలించుకోవడంతోనే వచ్చింది. పాత సార్వా (వానాకాలం) వరి రకాలు చాలావాటికి పొట్టి పగళ్ళు వస్తే గానీ వెన్ను వచ్చేది కాదు, వాటితో దాళ్వా, అంటే రెండో పంట, వెయ్యడం కష్టం. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐఆర్8కి పగటి నిడివి పట్టింపు లేదు, ఏ కాలంలో వేసినా రోజుల లెక్కకు పండుతుంది. 1967లో పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దాన్ని పండించి చూపించారు. దాని దిగుబడి గురించి అందరూ చెబుతారు. ఏడాదికి రెండు పంటలకు దారి వేసిన ఈ గుణం గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

సరే, మీ పందిరికి వద్దాం. ఈ ఏడాదికి చెయ్యగలిగింది కొద్దే. పందిరి మీద పడే ప్రతి లైటూ సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆపండి, వీధి దీపమైతే ఆ వైపు మందపాటి గుడ్డ కట్టండి. నత్రజని ఆపండి. నీళ్ళు మాత్రం మానకండి, ఎండబెడితే పూస్తుందన్న మాట చిక్కుడుకు పనికిరాదు, వచ్చిన పూత కూడా రాలుతుంది. మీ దగ్గర సెప్టెంబరులో పగలు రోజుకు రెండున్నర నిమిషాలకు పైగా తరుగుతుంది (గుంటూరులో నిమిషం కూడా తరగదు), కాబట్టి మొదలైతే తొందరగానే కదులుతుంది. నెలాఖరుకు పూగుత్తులు కనిపించాలి. అక్టోబరు మధ్య నుంచి మంచు భయం ఉంది కాబట్టి వాతావరణం చూసుకుంటూ రాత్రుళ్ళు పందిరి మీద ఫ్రాస్ట్ క్లాత్ కప్పితే కొన్ని కూరలకు సరిపడా కాయలు దక్కుతాయి. పందిరి నిండా కాపు ఆశించకండి.

కుండీలో ఉన్న చిన్న పాదైతే ఇప్పుడే పూయించొచ్చు. రోజూ సాయంత్రం ఆరింటికి చీకటి గరాజ్‌లో పెట్టి, పొద్దున ఏడింటికి బయట పెట్టండి. పదమూడు గంటల రాత్రి దొరుకుతుంది. మొగ్గ స్పష్టంగా కనిపించేదాకా ఒక్క రాత్రీ మానకూడదు, మధ్యలో గరాజ్ లైటు వెయ్యకూడదు. ఇంట్లో అందరికీ చెప్పి స్విచ్ మీద టేపు అంటించండి, కారు తీయడానికి వెళ్ళినవాళ్ళు ఠక్కున లైటు వేస్తారు. నేలలో ఉన్న పెద్ద పందిరికి నల్లగుడ్డ కప్పాలనుకోకండి, లోపల వేడికి ఆకు ఉడికిపోతుంది, రోజూ కప్పి తీసే ఓపికా ఉండదు.

వచ్చే ఏడాదికి రకం మార్చండి, అదే అసలు పరిష్కారం. పగటి నిడివి పట్టించుకోని పొద చిక్కుడు రకాలు మన దేశంలోనే తయారయ్యాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్కా జయ్, అర్కా విజయ్ తెచ్చింది. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం హెబ్బాళ అవరె రకాలు తెచ్చింది, అవి ఎక్కువగా గింజకు. వీటికి పందిరి అక్కర్లేదు, మే చివర్లో పెడితే నడివేసవిలోనే కాపుకొస్తాయి. పందిరి చిక్కుడు రుచి వీటికి లేదని అనేవాళ్ళున్నారు, నేనూ కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ రుచి చూడ్డానికి ముందు కాయంటూ ఉండాలి కదా. గింజలు కొనేటప్పుడు "బుష్" అని రాసి ఉందా, ఎన్ని రోజుల పంట అని రాశారా చూడండి. రోజుల లెక్క లేకుండా "వింటర్ క్రాప్" అని మాత్రమే రాసి ఉంటే మీ ఊరికి అది పనికిరాదు. అమెరికాలో మీ చుట్టుపక్కల తెలుగువాళ్ళెవరైనా ఏళ్ళ తరబడి అక్కడే గింజ కట్టి దాచుకుంటుంటే ఆ గింజ అడిగి తీసుకోండి. మంచుకు ముందు కాసిన పాదు గింజే మిగులుతుంది కాబట్టి, ఏటేటా త్వరగా పూసేవే ఏరుకున్నట్టవుతుంది.

డల్లాస్‌లో మీ చెల్లెలికి పందిరి చిక్కుడు బాగానే కాస్తోందని రాశారు. కాస్తుంది. అక్కడ జూన్ పగలు 14 గంటల 20 నిమిషాలే, గుంటూరు జూన్ స్థాయికి ఆగస్టు చివరి వారంలోనే దిగిపోతుంది, మంచు నవంబరు సగం దాటితే గానీ రాదు. దానికి దొరికే పూత కాలం మీకంటే నెల పైమాటే. ఆవిడ చేతి చలవ కూడా కొంత ఉండొచ్చు గానీ ఎక్కువ భాగం అక్షాంశానిదే.

ఇక బీర. పొడుగు పగళ్ళు, ఎక్కువ వేడి ఉన్నప్పుడు తీగజాతి కూరల్లో మగపూలు ఎక్కువ వస్తాయి, పగలు తరిగి రాత్రులు చల్లబడితే ఆడపూల వంతు పెరుగుతుంది. మీ బీరకు జబ్బేమీ లేదు. ఇప్పుడు ఆగస్టులో పూసే పూలలో, వెనకాల సన్నటి పిందె ఉన్నవి వెతకండి, అవే ఆడపూలు. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆ వేళకు మీ దగ్గర తేనెటీగలు పెద్దగా తిరగవు. కాబట్టి చీకటి పడకముందే ఒక మగపువ్వు కోసి, రెక్కలు తీసేసి, ఆడపువ్వు మధ్యలో పుప్పొడి అద్దండి. పిందె పట్టిందో లేదో నాలుగైదు రోజుల్లో తెలిసిపోతుంది.